నెలవంకకు సాక్షులెవరు?

తెలుగులో 'నెల' అనే మాటకు రెండర్థాలు. ఆకాశాన కనిపించే చంద్రుడు నెల. ఆ చంద్రుడు పొడిచి, నిండి, క్షీణించి, మళ్ళీ పొడిచేవరకు గడిచే కాలమూ నెలయే. వెన్నెల, నెలవంక, నెలపొడుపు అనే మాటలలో మొదటి అర్థం ఇప్పటికీ నిలిచి ఉన్నది. ఉర్దూలోని 'మాహ్' అనే మాట సంగతీ అంతే. మాహె రంజాన్ అన్నప్పుడు అది మాసం. కవి ప్రియజనుల ముఖాన్ని మాహ్ అన్నప్పుడు అది చంద్రబింబం. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఈ రెండు భాషలలోనూ ఒకే పోలిక నిలిచి ఉండడం ఆలోచించదగిన విషయం. ఈ భాషలు మాట్లాడిన మన పూర్వులు కాలాన్ని గోడకు వ్రేలాడే కాగితంలో కాక, పడమటి ఆకాశంలో చదువుకొన్నారు.

నేడు మనం ఎక్కడ చదువుకొంటున్నాము? ఈ ప్రశ్న నాకు కలిగిన సందర్భం చెప్పి, ఆపైన నా అభిప్రాయాన్ని పాఠకుల ముందుంచుతాను.

2025 మార్చి 30వ తేదీ ఆదివారం, విశ్వావసు నామ సంవత్సర ఉగాది. అదే రోజు రంజాన్ ఉపవాసాలలో ఇరవై తొమ్మిదవది. ఉదయం మా క్రోసూరులో వేపపూవు పచ్చడి, పంచాంగ శ్రవణం. సాయంకాలం అదే ఊరిలో ఖర్జూరపు పండుతో ఇఫ్తార్. ఆ సాయంకాలమే మన దేశంలో షవ్వాల్ నెలవంక కనిపించినది. మరునాడు సోమవారం ఈదుల్ ఫితర్. ఒకే అమావాస్య తరువాత ఒకే చంద్రుని లెక్కతో ఒకే ఊరు రెండు పండుగలు చేసుకొన్నది. ఇంత చక్కని కలయిక అరుదుగా వస్తుంది.

కాని ఆ సాయంకాలం మగ్రిబ్ వేళకు మేడలమీద నిలుచున్నవారు ఎందరు? నేను చూచినంతలో మా వీధిలో వ్రేళ్ళమీద లెక్కింపదగినవారే. ప్రక్క మేడమీద నలుగురు పిల్లలు ఉన్నారు. నలుగురి తలలూ వంగి ఉన్నవి, సెల్‌ఫోనులలోనికి. కొంతసేపటికి 'చాంద్ హోగయా' అని కేక వినిపించినది. ఆ కబురు బెల్లంకొండ దిక్కున ఉన్న పడమటి ఆకాశంనుండి రాలేదు. ఎక్కడో దూరపు నగరంలో జరిగిన సభనుండి ఫోను ద్వారా వచ్చినది. అప్పుడు ఒక చిన్నవాడు తల ఎత్తి, "ఎక్కడ?" అని అడిగినాడు. అప్పటికి నెలవంక ఇండ్ల కప్పుల వెనుకకు దిగిపోయినది.

ఆ 'ఎక్కడ?' అనే ప్రశ్న నన్ను విడువలేదు. పండుగ తేదీ వానికి తెలిసినది; చంద్రుడు తెలియలేదు. తేదీ తెలిసిన తరువాత చంద్రునితో పని ఏమున్నదని నేటి తరంవారు అడగవచ్చు. నా సమాధానం ఇది: నెలవంకను చూడడం తేదీ తెలుసుకొనడం మాత్రమే కాదు, అది సాక్ష్యం చెప్పడం. తేదీని మనకొరకు మరొకరు చెప్పగలరు. మన సాక్ష్యాన్ని మనకొరకు మరొకరు చెప్పలేరు.

మొదట ధర్మం ఏమి చెప్పినదో చూతము. నెలవంకలను గూర్చి ప్రజలు ప్రవక్త మహనీయులను అడిగినప్పుడు, అవి ప్రజలకూ హజ్ యాత్రకూ కాలాన్ని తెలిపే గుర్తులని పవిత్ర ఖురాన్ రెండవ అధ్యాయం సమాధానమిచ్చినది. నెలవంకను చూచి ఉపవాసాలు ప్రారంభించండి, చూచి విరమించండి, మబ్బు కమ్మితే ముప్పది పూర్తిచేయండి అని హదీసు ఉపదేశం. మాసం ఎన్ని దినాలో తెలుపడానికి ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ రెండు చేతుల వ్రేళ్ళను మూడుసార్లు చూపి, మూడవసారి ఒక వ్రేలు ముడిచినారట. అది ఇరవై తొమ్మిది. మరల మూడుసార్లు పూర్తిగా చూపినారట, అది ముప్పది. గ్రంథం అక్కరలేదు, యంత్రం అక్కరలేదు; కన్ను, పది వ్రేళ్ళు చాలును. ఎడారిలోని ఒంటెల కాపరికీ, పల్నాటి మిరపకల్లంలోని కూలీకీ ఒకే పంచాంగం ఇచ్చిన ధర్మమిది.

అమావాస్యనుండి అమావాస్యకు సగటున 29 దినాల 12 గంటల 44 నిమిషాలు పడుతుంది. కనుక మాసం కొన్నిసార్లు ఇరవై తొమ్మిదితోను, కొన్నిసార్లు ముప్పదితోను ముగుస్తుంది. అట్టి పండ్రెండు మాసాలు కలిస్తే సుమారు 354 దినాలు. సూర్యుని సంవత్సరానికి పదకొండు దినాలు తక్కువ. మన తెలుగు పంచాంగకర్తలు ఆ లోటును అధికమాసంతో పూడ్చి ఉగాదిని వసంతంలోనే నిలిపినారు. ఇస్లాం అట్టి పూరణను నిషేధించినది. అందువలన రంజాన్ ఋతువులన్నిటినీ చుట్టి సుమారు 33 ఏండ్లకు తన చోటికి తిరిగివస్తుంది. 2018లో పల్నాటి మే, జూన్ నెలల మండుటెండలో వచ్చిన ఉపవాసాలు 2025 నాటికి మార్చికి చేరినవి. ఎండకాలపు కష్టమూ, చలికాలపు సుఖమూ ఏ దేశానికీ శాశ్వతంగా అంటకుండా వంతులవారీగా పంచిపెట్టే న్యాయం ఈ సంచారంలో ఉన్నది.

ఇక నెలవంకను చూచినవెంటనే చేయవలసిన దుఆ ఒకటి ఉన్నది. శాంతితో, విశ్వాసంతో, క్షేమంతో ఈ చంద్రుని మామీద ఉదయింపజేయుమని అల్లాహ్‌ను వేడుకొన్న తరువాత, ప్రార్థించేవాడు చంద్రునివైపే తిరిగి, నాకూ నీకూ ప్రభువు ఒక్కడే అని చెబుతాడు. ఈ చివరి మాటలో నెలవంక దర్శనపు ఆధ్యాత్మిక రహస్యమంతా ఉన్నదని నా నమ్మకం. చంద్రుడు మనకు పూజ్యుడు కాడు, మనవంటి సేవకుడే. ఇద్దరు సేవకులు సాయంకాలం యజమాని వాకిట ఎదురుపడి, మన యజమాని ఒక్కడే కదా అని పలుకరించుకొన్నట్లు ఉంటుంది ఆ దుఆ. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) నక్షత్రాన్ని, చంద్రుని, సూర్యుని వరుసగా చూచి, అస్తమించేవాటిని తాను ప్రేమించలేనని నిశ్చయించుకొన్న వృత్తాంతం ఖురాన్‌లో ఉన్నది. అస్తమించే చంద్రుని చూచే కన్ను, అస్తమయం లేనివానిని వెదకడం నేర్చుకొంటుంది. మసీదు గుమ్మటాలమీదను, జెండాలమీదను కనిపించే నెలవంక గుర్తుకు ఖురాన్‌లో ఆజ్ఞ ఏదీ లేదు. అది ప్రధానంగా ఉస్మానియా తురుష్కుల కాలంలో వ్యాపించిన చిహ్నం. మనకు ఆజ్ఞాపించబడినది నెలవంకను చెక్కుకొనడం కాదు, చూడడం.

మన ప్రక్క ఇంటి తెలుగువారికీ ఈ చూపు క్రొత్తది కాదు. 'చంద్రునికో నూలుపోగు' అనే సామెత మనమందరం వాడుతాము. విదియనాటి సాయంకాలం నెలవంక కనిపించగానే కట్టిన బట్టలోనుండి ఒక పోగు తీసి చంద్రునికి అర్పించే ఆచారంనుండి అది పుట్టినది. పత్తి పండే ఈ నేలమీద, దూది ఏకడమే తరతరాల వృత్తిగా బ్రదికిన నూర్‌బాషా కుటుంబాలు ఉన్న ఈ పల్నాటిలో ఆ సామెత వింటే నాకు ఒక విధమైన ఆప్యాయత కలుగుతుంది. వారు పోగును చంద్రునికే అర్పిస్తారు. మనం చంద్రుని సృష్టించినవానికి దుఆ అర్పిస్తాము. ఈ భేదం చిన్నది కాదు. దానిని దాచిపెట్టి సామరస్యం మాట్లాడడం నిజాయితీ కాదు. కాని భేదం తెలిసికూడా ఒకే సాయంకాలం, ఒకే దిక్కుకు ముఖం త్రిప్పి నిలుచుండడం గొప్ప సంగతి. పీర్ల పండుగ దినాలను మొహర్రం నెలపొడుపునుండి లెక్కించుకొనే హిందూ సోదరులు మన పల్లెలలో ఎందరో ఉన్నారు.

ఈ బంధుత్వం ఆచారానికే పరిమితం కాదు, శాస్త్రంలోనూ ఉన్నది. సూర్యచంద్రుల మధ్య దూరం పండ్రెండు భాగలు, అనగా నేటి పరిభాషలో 12 డిగ్రీలు అయినప్పుడు చంద్రుడు కంటికి కనిపిస్తాడని సూర్యసిద్ధాంతం చెప్పినది. ఒక తిథి కొలత కూడా సరిగా పండ్రెండు భాగలే. కనుక పాడ్యమి గడచి విదియ రావడమంటే, ఆ లెక్క ప్రకారం, చంద్రుడు దర్శనయోగ్యుడు కావడమే. 8వ శతాబ్దంలో భారతీయ సిద్ధాంత గ్రంథాలు బాగ్దాదు చేరి అరబ్బీలోనికి అనువదింపబడినవి. అక్కడి తొలి ముస్లిం ఖగోళవేత్తలు ఈ పండ్రెండు భాగల నియమాన్నే స్వీకరించి, సూర్యాస్తమయానికీ చంద్రాస్తమయానికీ మధ్య 48 నిమిషాల వ్యవధి ఉంటే నెలవంక కనిపిస్తుందని లెక్కలు కట్టినారు. మన దేశపు పంచాంగమూ, వారి హిలాల్ పట్టికలూ ఒక మూలాన్ని పంచుకొన్నవి.

ఆ నియమం నేటికీ ఎట్లు పనిచేస్తుందో మూడు ఉగాదులు చూపుతాయి. 2023 మార్చి 22న ఉగాది. ఆ సాయంకాలం సూర్యుడు అస్తమించేవేళకు పాడ్యమి ఇంకా ముగియలేదు. మన దేశంలో చంద్రుడు కనిపించలేదు. రంజాన్ మార్చి 24న ప్రారంభమైనది. 2024 ఏప్రిల్ 9న ఉగాది. ఆనాడూ అస్తమయంవేళకు పాడ్యమియే. చంద్రుని వయస్సు సుమారు పద్దెనిమిదిన్నర గంటలు. మన ప్రాంతంలో కనిపించలేదు. ముప్పది పూర్తిచేసి 11న పండుగ చేసుకొన్నాము. 2025 మార్చి 30న మధ్యాహ్నానికే విదియ వచ్చినది, సాయంకాలానికి చంద్రుని వయస్సు సుమారు 26 గంటలు, నెలవంక కనిపించినది. మూడుసార్లూ కన్నూ లెక్కా ఏకీభవించినవి. ఈ రెంటికీ వైరం ఉన్నదనేవారు ఈ మూడు సాయంకాలాలను జ్ఞాపకం ఉంచుకొందురుగాక!

ఇంత చక్కగా కుదిరినప్పుడు లెక్కతోనే సరిపెట్టుకొనరాదా అని కొందరు విద్యావంతులు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చడం తగదు. సూర్యచంద్రులు ఒక లెక్క ప్రకారం నడుస్తున్నారని ఖురానే చెబుతున్నది. ఈజిప్టు పండితులు అహ్మద్ ముహమ్మద్ షాకిర్ 1939లోనే లెక్కను స్వీకరించవచ్చునని వాదించినారు. తుర్కీలో లెక్కయే ప్రమాణం. ఉత్తర అమెరికా ఫిఖ్ మండలి 2006లో అదే మార్గం ఎన్నుకొన్నది. 2016లో ఇస్తాంబుల్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ప్రపంచానికంతటికీ ఒకే హిజ్రీ పంచాంగాన్ని కోరినది. సెలవు ముందుగా తెలియవలసిన ఉద్యోగికి, పరీక్షలు వ్రాసే విద్యార్థికి, కార్ఖానా కార్మికునికి ఇది గొప్ప సౌకర్యం. అయిదు పూటల నమాజుకు గడియారం చూచే మనం, నెలవంకకు మాత్రం గణితం వద్దనడం ఏమి న్యాయమని వారడుగుతారు.

ఈ చివరి ప్రశ్న నన్ను చాలకాలం కలతపెట్టినది. ఇప్పుడు నాకు తోచే సమాధానం ఇది. గడియారం వచ్చిన తరువాత మనం ఏమి పోగొట్టుకొన్నామో ఎన్నడైనా ఆలోచించినామా? అసర్ వేళకు కర్ర నీడ ఎంత పొడవుంటుందో మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? తూర్పున నిలువుగా పొడిచి చెదరిపోయే కాంతికీ, అడ్డంగా పరచుకొనే నిజమైన వేకువకూ తేడా ఎందరు చూచినారు? నమాజు వేళ మిగిలినది. సూర్యునితో పరిచయం పోయినది. ఒకటి పోగొట్టుకొన్నాము గనుక రెండవదికూడా పోనిండు అనడం తర్కం కాదు. ఒకటి పోయినది గనుక రెండవదానినైనా కాపాడుకొందము అనడమే వివేకం.

మరొక సంగతి కూడా ఉన్నది. 1930లలో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ఆంద్రే దాంజోన్, సూర్యచంద్రుల మధ్య దూరం సుమారు 7 డిగ్రీలకన్న తగ్గితే నెలవంక కనిపించదని చూపినాడు. కాని 2013 జూలై 8న ఫ్రాన్సు దేశంలో తియరీ లెగో అనే పరిశీలకుడు, అమావాస్య సంధి క్షణాననే, పట్టపగలు, ప్రత్యేక సాధనాలతో చంద్రుని సన్నని అంచును ఛాయాచిత్రంలో పట్టినాడు. యంత్రపు కంటికి చంద్రుడు ఎన్నడూ పూర్తిగా మాయమైపోడన్నమాట. యంత్రపు చూపే చాలుననుకొంటే ఇక నెలకు ఆరంభమెక్కడ? నిరీక్షణ ఎక్కడ? నెల క్రొత్తదయ్యేది మనిషి కంటికే. మన కన్ను పరిమితమైనది గనుకనే మనకు నెలపొడుపు అనే ఆనందం ఉన్నది. ఈ పరిమితిని ఒప్పుకొనడమే భక్తికి మొదటి మెట్టు.

ఇరవై తొమ్మిదవ సాయంకాలపు అనిశ్చయంలో ఒక శిక్షణ ఉన్నది. రేపు పండుగయా, మరొక ఉపవాసమా? తెలియదు. వంట సిద్ధంచేయాలా, సహరీకి లేవాలా? తెలియదు. కాలం మన సొత్తు కాదు, మనకు ప్రసాదింపబడేది అనే సత్యాన్ని సంవత్సరంలో ఇంత స్పష్టంగా బోధించే సాయంకాలం మరొకటి లేదు. 2020 మే నెలలో కరోనా నిర్బంధంవలన మసీదుల వాకిళ్ళు మూతబడినప్పుడు ఈ సత్యం మనకు మరింత బోధపడినది. మే 24 సాయంకాలం ఎవరి మేడమీద వారు నిలిచి నెలవంకను చూచి, దూరంనుండే ఒకరికొకరు చేయి ఎత్తి సలాం చెప్పుకొన్నారు. మరునాటి పండుగ నమాజు ఇండ్లలోనే. ఆ ఏడు ఈద్గాహ్ లేదు, ఆలింగనాలు లేవు. మనలను కలిపినది ఆకాశంలోని ఆ వంక ఒక్కటే.

ఇక సాక్ష్యం సంగతి. ఎడారివాసి ఒకడు ప్రవక్త సన్నిధికి వచ్చి తాను రంజాన్ నెలవంకను చూచినానని చెప్పినాడట. వారు అతని విద్యను అడుగలేదు, వంశాన్ని అడుగలేదు. దైవం ఒక్కడేనని, ముహమ్మద్ ఆయన ప్రవక్తయని నమ్ముతావా అని మాత్రం అడిగి, ఔనన్నంతనే, రేపటినుండి ఉపవాసాలని ప్రకటించమని హజ్రత్ బిలాల్‌ను ఆదేశించినారు. పేరైనా నిలువని ఒక పామరుని కంటిమీద మదీనా నగరమంతా ఉపవాసం ఉన్నది! హనఫీ ధర్మశాస్త్రంలోనూ, ఆకాశం మబ్బుగా ఉన్నప్పుడు రంజాన్ ఆరంభానికి నమ్మదగిన ఒక్కరి సాక్ష్యం చాలును. ఆ ఒక్కరు స్త్రీ అయినా సరే. అట్టి గౌరవాన్ని సామాన్యునికి ఇచ్చిన ఏర్పాటును మనం చేజేతులా వదలుకొంటున్నాము. మా ఊరి గొర్రెలకాపరికి నెలవంక కనిపించినా, ఆ మాట ఎవరితో చెప్పాలో అతనికి తెలియదు. చెప్పినా వినేవారు ఫోనుకొరకు చూస్తూ ఉంటారు.

అయితే ప్రతి సాక్ష్యమూ నిజం కానక్కరలేదు. ఇక్కడ ఒక పాత కథ చెప్పవలెను. ప్రవక్త సహచరులు హజ్రత్ అనస్ బిన్ మాలిక్ మిక్కిలి వృద్ధులైనప్పుడు, అందరితోపాటు నెలవంకకొరకు చూచి, అదుగో కనిపిస్తున్నదని అన్నారట. మరెవరికీ కనిపించలేదు. అంతటి పుణ్యపురుషుని అబద్ధమాడినారనగల వారెవరు? ప్రక్కనున్న బస్రా ఖాజీ ఇయాస్ తేరిపార చూచి, వారి తెల్లని కనుబొమ వెండ్రుక ఒకటి కంటికి అడ్డంగా వంగి ఉండడం గమనించి, మెల్లగా దానిని తుడిచి, ఇప్పుడు చూడండి అన్నాడట. అప్పుడు వారికీ కనిపించలేదు.

నా అభిప్రాయంలో గణితశాస్త్రం చేయవలసిన పని ఆ ఖాజీ చేయి చేసిన పనియే. సాక్షిని అవమానించకుండా, అతని కంటికి అడ్డువచ్చిన వెండ్రుకను మెల్లగా సవరించడం. సూర్యునికన్న ముందే చంద్రుడు అస్తమించిన సాయంకాలం నెలవంకను చూచినామని ఎవరైనా చెబితే, అది భ్రమయని లెక్క నిస్సంశయంగా చెప్పగలదు. అట్టి మాటను స్వీకరించరాదు. కాని కనిపించే అవకాశం ఉన్న సాయంకాలం, లెక్క మన చేయిపట్టి వాకిలివరకు తీసుకొనిపోవలెను. వాకిలి దాటి చూడవలసినది మనమే.

ఇప్పుడు అన్నిటికన్న బాధాకరమైన విషయానికి వస్తాను. 2024లో కేరళవారు ఏప్రిల్ 10న పండుగ చేసుకొన్నారు, మనం 11న. ఇందులో తప్పేమీ లేదు. సహచరుల కాలంలోనే ఇట్టిది జరిగినది. కురైబ్ అనే ఆయన షామ్ దేశంనుండి మదీనాకు వచ్చి, అక్కడ శుక్రవారం రాత్రి నెలవంకను చూచినామని చెప్పగా, మేము శనివారం రాత్రి చూచినాము, మా లెక్క ప్రకారమే పూర్తిచేస్తామని ఇబ్నె అబ్బాస్ సమాధానమిచ్చినారు. ఇరుపక్షాలవారూ ఒకరినొకరు నిందించుకొన్నట్లు లేదు. దూరదేశాల మధ్య తేడా సహజం. అసహజమైనది ఒకే వీధిలో తేడా.

నాకు తెలిసిన ఒక ఊరు ఉన్నది; పేరు చెప్పను. ఒక ఏడు ఇరవై తొమ్మిదవ రాత్రి ప్రొద్దుపోయిన తరువాత ఫోనులో ఒక కబురు వచ్చినది. ఒక మసీదువారు నమ్మి మైకులో పండుగ ప్రకటించినారు. రెండవ మసీదువారు నమ్మలేదు. ఒకే తల్లి కొడుకులిద్దరు చెరొక మసీదు పక్షం చేరినారు. తెల్లవారి పెద్దవాని ఇంట షీర్‌ఖుర్మా ఉడుకుతున్నది. చిన్నవాని ఇంట ఉపవాసం. పండుగనాడు ఉపవాసం నిషిద్ధమని ఒకడు, రంజాన్‌లో భోజనం పాపమని మరొకడు. ఆ తల్లి నడివాకిట కూర్చుండి, "చంద్రుడు ఒక్కడే గదా బేటా, నాకు రెండు పండుగలు ఎందుకు తెచ్చిపెట్టినారు?" అని కంటతడి పెట్టుకొన్నది. ఆ ఇద్దరిలో ఒక్కడూ ఆ సాయంకాలం పడమటికేసి చూడలేదన్నది నేను ఎరిగిన విషయం. చూచినవారు కలహించుకొనలేదు, విన్నవారు కలహించుకొన్నారు.

ధర్మశాస్త్రం ఇట్టి కలహానికి తావివ్వలేదు. ఒకడు షవ్వాల్ నెలవంకను తాను ఒక్కడే నిజంగా చూచినా, అతని సాక్ష్యం అంగీకరింపబడకపోతే, హనఫీ నియమం ప్రకారం అతడు ఒంటరిగా పండుగ చేసుకొనరాదు. సమాజంతోపాటు ఉపవాసం ఉండవలెను. మీరందరు ఉపవాసమున్న దినమే ఉపవాసం, మీరందరు విరమించిన దినమే పండుగ అనే అర్థం గల హదీసు కూడా ఉన్నది. చూచినది చూచినట్లు చెప్పే ధైర్యం, చెప్పిన తరువాత సంఘ నిర్ణయానికి తలవంచే వినయం, ఈ రెండూ కలిస్తేనే సాక్ష్యం పరిపూర్ణం. హైదరాబాదులోని రూయతె హిలాల్ సంఘం వంటి బాధ్యతగల సంస్థలు ఉన్నవి. వాటి నిర్ణయాన్ని ఊరంతా ఒకటిగా పాటించవలెను. అయితే ఆ సంఘాలకు కన్నులు మనమే. ఊళ్ళన్నీ చూడడం మానివేస్తే అవి ఎవరి సాక్ష్యం విని నిర్ణయిస్తాయి?

విద్యార్థినీ విద్యార్థులారా! విమర్శించి ఊరుకొనడం సులభం. కనుక ఒక చిన్న పనిని మీ ముందుంచుతున్నాను. మన కళాశాలలో ఒక నెలవంక పుస్తకం పెట్టుదము. రంజాన్‌కు, పండుగకు మాత్రమే కాదు, ప్రతి హిజ్రీ మాసపు ఇరవై తొమ్మిదవ సాయంకాలం ఎవరి ఊరిలో వారు, పొలంగట్టుమీదనో మేడమీదనో నిలిచి చూచి, మరునాడు ఆ పుస్తకంలో వ్రాయవలెను. హిజ్రీ మాసం, తెలుగు తిథి, తేదీ, సూర్యుడు అస్తమించిన వేళ, ఆకాశపు స్థితి, నెలవంక కనిపించిన వేళ, చూచినవారి సంతకం. తెలుగు వచ్చినవారు తెలుగులో, ఉర్దూ వచ్చినవారు ఉర్దూలో వ్రాయవచ్చు. బాలికలు తమ ఇండ్ల మేడలనుండి చూచినది సమానమైన సాక్ష్యంగా వ్రాయవలెను. హిందూ సోదరులు విదియ చంద్రుని చూచి వ్రాస్తే ఆ పుస్తకానికి మరింత శోభ. కనిపించనినాడు 'కనిపించలేదు' అని వ్రాయడం మరువరాదు. చూడనిదానిని చూచినానని చెప్పకుండా ఉండడమే సాక్ష్యంలో కష్టతరమైన భాగం.

చూచే విధానం కూడా కొంత తెలుసుకొనవలెను. సూర్యాస్తమయానికి పది నిమిషాలు ముందే చేరి, సూర్యుడు ఎక్కడ దిగుతున్నాడో ఏ చెట్టుతోనో గుడిసెతోనో గుర్తు పెట్టుకొనండి. సూర్యుడు ఉండగా దుర్భిణీతో ఆ దిక్కుకు చూడవద్దు, కంటికి ప్రమాదం. అస్తమించిన పావుగంట తరువాత సంధ్యాకాంతి తగ్గుతూ ఉండగా వెదకండి. చైత్రమాసపు రోజులలో మన అక్షాంశాలనుండి నెలవంక సూర్యుడు దిగినచోటికి దాదాపు నిట్టనిలువుగా పైన, పడవవలె వెల్లకిల పడుకొని కనిపిస్తుంది. భాద్రపద ఆశ్వయుజాలలో ఎడమకు, అనగా దక్షిణానికి ఒరిగి ఉంటుంది. ఏ ఋతువులోనైనా దాని కొమ్ములు సూర్యుడు దిగిన దిక్కుకు తిరిగి ఉండవు. కొమ్ములు సూర్యునివైపు ఉన్నవని చెప్పినవాడు చంద్రుని చూడలేదు, మబ్బుతునకను చూచినాడు. సూర్యసిద్ధాంతకారుడు ఈ కొమ్ముల వాలుకొరకు శృంగోన్నతి అని ఒక అధ్యాయమే కేటాయించినాడు.

మన పుస్తకం పది సంవత్సరాలు సాగితే నూట ఇరవైకి పైగా సాయంకాలాలు అందులో చేరుతాయి. అది శాస్త్రానికి పనికివస్తుంది, సంఘాలకు పనికివస్తుంది. అంతకుమించి, చూడనిది చెప్పకూడదు, చూచినది దాచకూడదు అనే శీలం పది తరగతుల విద్యార్థులలో నాటుకొంటుంది. వదంతి క్షణంలో దేశం చుట్టివచ్చే ఈ కాలంలో అంతకు మించిన విద్య ఏమున్నది?

2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో దిగినది. మన రాష్ట్రపు శ్రీహరికోటనుండే అది బయలుదేరినది. మనిషి చేసిన బండి చంద్రునిమీద తిరిగిన తరువాత కూడా నెలవంకకొరకు మేడ ఎక్కడం వెనుకబాటు కాదా అని ఒక విద్యార్థి నన్ను అడిగినాడు. కాదు నాయనా. చంద్రుడు ఎక్కడ ఉన్నాడో వారు చెప్పగలిగినారు; చంద్రుని చూచి నీవు ఎవరివాడవో చెప్పవలసినది నీవే.

చంద్రునికి దశలు నిర్ణయింపబడినవని, చివరకు అది ఎండి వంగిన ఖర్జూరపు మట్టవలె మిగులుతుందని ఖురాన్ ముప్పదియారవ అధ్యాయం పోల్చి చెప్పినది. మన పొలాలగట్లమీద ఎండి వంగిన ఈతమట్టను చూచినవారికి ఆ పోలిక వివరించనక్కరలేదు. నిండుపున్నమి గర్వించదగినంతలోనే తరుగు మొదలవుతుంది. మట్టవలె ఎండినది మళ్ళీ లేతవంకయై మొలుస్తుంది. బాల్యం, యౌవనం, వార్ధక్యం, మరణం, పునరుత్థానం అనే పాఠాన్ని నెలకొకసారి ఉచితంగా చెప్పే గురువు పడమటి వాకిట నిలుచున్నాడు. ఆ తరగతికి మనం హాజరు కావడంలేదు.

వచ్చే ఇరవై తొమ్మిదవ సాయంకాలం మీరు మేడ ఎక్కండి. మీ వెంట ఒక చిన్నపిల్లవానిని తీసుకొనిపోండి. వాడు 'ఎక్కడ?' అని అడిగినప్పుడు చంద్రుడు ఇంకా ఆకాశంలో ఉండవలెను. చూపడానికి మీ వ్రేలు సిద్ధంగా ఉండవలెను. ప్రతి నెలవంకనూ శాంతితో, విశ్వాసంతో, ఐకమత్యంతో మన ఊళ్ళమీద ఉదయింపజేయుమని అల్లాహ్‌ను ప్రార్థిస్తున్నాను. ఆమీన్.